తొక్కుడు కీబోర్డు

కంప్యూటరుకు కొబ్బరికాయ కొట్టిన బడి మాదే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ. నాగలికి కొడతాం, బోరుకు కొడతాం, కొత్త లారీకి కొడతాం. దీనికి మాత్రం ఎందుకు కొట్టకూడదు?

తొంభై ఎనిమిది వానకాలం అది. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ చుట్టూ కట్టిన కర్రలు ఇంకా విప్పలేదు. ఆ మేడ కడుతున్న కూలీల రేకుల షెడ్లకూ రోడ్డుకూ నడుమ ఉండేది మా సర్కారు ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, వాన పడితే చెరువయ్యే వాకిలి. నేను అక్కడ విద్యా వాలంటీరును. పేరు సక్కుబాయి. పాలమూరులో బి.ఏ. చదివాను. మా ఆయన యాదయ్య సుతారి పని చేస్తాడు, గోడలు కడతాడు. చదువున్న నన్నూ పనున్న ఆయన్నూ కరువు ఒకే లారీ ఎక్కించి ఇక్కడ దింపింది. మా అత్త బాలమ్మ, మూడో తరగతి చదివే మా బిడ్డ అనూష, మేమిద్దరం, అందరికీ కలిపి ఒకటే రేకుల గది.

కంప్యూటరు తెచ్చింది కిరణ్మయి. ఊళ్లో ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం, కాకినాడ దిక్కు పిల్ల. వాళ్ల కంపెనీ వాడి పక్కన పెట్టిన యంత్రాల్లో ఒకటి మా బడికి ఇచ్చారు. ఆ అమ్మాయి బల్ల మీద అన్నీ అమర్చి, తీగలు బిగించి, తెర వెలిగించేసరికి పిల్లలు కిటికీ చువ్వలకు గబ్బిలాల్లా వేలాడుతున్నారు.

హెడ్మాస్టరు విశ్వేశ్వరరావు గారు పళ్లెం సిద్ధం చేసుకునే వచ్చారు. తెరకు పసుపు, డబ్బాకు కుంకుమ. కొబ్బరికాయ గడప మీద కొట్టి, ఆ నీళ్లు పువ్వుతో ముంచి కీబోర్డు మీద మూడుసార్లు చిలకరించారు.

"సార్, నీళ్లండీ! అందులోకి పోతాయండీ!" అంది కిరణ్మయి కంగారుగా.

"శుభమమ్మా. ఏం కాదు."

ఏం కాలేదు కూడా, అప్పటికి. కిరణ్మయి పైపైన తుడిచి, చూపవలసింది చూపి, వెళ్తూ వెళ్తూ అసలు మాట చెప్పింది.

"దసరా సెలవులకు ముందు మా పెద్దాయన ఉదయ్ భాస్కర్ గారు చూడ్డానికి వస్తారండీ. పిల్లలు తమ పేరు తాము కొట్టి చూపిస్తే చాలు. ఊరికే మూలన పెట్టారని తెలిస్తే మాత్రం ఇంకో బడికి మార్చేస్తారు. ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి."

ఆమె ఆటో మలుపు తిరిగిందో లేదో, హెడ్మాస్టరు గారు కంప్యూటరు మీద తెల్ల పంచె కప్పి, గదికి తాళం వేసి, ఆ తాళంచెవిని పిన్నీసుతో బనీను లోపలికి గుచ్చుకున్నారు.

*

"ఏమాయె మీ టీవీ?" అన్నాడు యాదయ్య, సాయంత్రం కాళ్లకంటిన సిమెంటు కడుక్కుంటూ.

"టీవీ కాదు. కంప్యూటరు."

"ఏదో ఒకటి. పోరగాండ్లు ముట్టిండ్రా?"

నేను పొయ్యిలోకి పుల్ల ఎగదోశాను. జవాబు ఆయనకు దొరికింది.

"చూడు సక్కూ. ఇక్కడ పని అయిపోవచ్చింది. దసరా ఎల్లినంక మేస్త్రి అందర్నీ నిజాంపేటకు తోలుకపోతడట. ఆడ పెద్ద కాలనీ లేస్తున్నది. మనం గూడ పోవాలె."

"అనూష బడి?"

"ఆడ బడి లేదా ఏంది? లేకుంటే ఓ యేడు ఆగుతది."

ఆ 'ఓ యేడు' నాకు తెలుసు. మా చుట్టూ ఉన్న షెడ్లలో పిల్లలందరూ ఆ ఓ యేడులోనే ఆగిపోయారు. ఇటుకలు అందిస్తూ, చంటిపిల్లల్ని చంకనేసుకొని. బడి మారిన పిల్లలు మళ్లీ బడి ముఖం చూడటం నేను తక్కువే చూశాను.

"ఈ బడిల కంప్యూటరున్నది. అది యాడా లేదు. నేను రాను. నా బిడ్డ రాదు," అన్నాను.

"ఉంటే ఏం లాభమే! పంచె కప్పి పండవెట్టిండ్రట గద. శవం లెక్క."

"ఛీ, నోరు ముయ్యి రా! శవమేంది, లక్ష్మి ఉన్న ఇంట్ల," అని అరిచింది మా అత్త జొన్నపిండి కలుపుతూ.

యాదయ్య నవ్వాడు. కానీ మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. "సరే. నా బిడ్డ ఆ డబ్బ మీద తన పేరు తాను రాసిననాడు నేను నిజాంపేట పేరెత్తను. ఈడనే ఏదన్న పని సూస్కుంట. రాయకుంటే లారీ ఎక్కుడే. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న."

"అమ్మా, ఇన్నవా? సాక్షం నువ్వే."

"నాకేం ఇనవడలే," అంది మా అత్త. మొగుడూ పెళ్లాల పందెంలో సాక్ష్యం నిలబడేంత తెలివితక్కువది కాదు ఆమె.

*

మర్నాడే, పిల్లల్ని కంప్యూటరు ముట్టనివ్వమని హెడ్మాస్టరు గారిని అడిగాను.

విశ్వేశ్వరరావు గారు చెడ్డ మనిషి కాదు. ఏలూరు నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా సర్కారు బళ్లలో అరిగిపోయిన మనిషి. ఆయనకున్నది భయం. సర్కారు బడిలో పాఠం చెప్పకపోతే అడిగేవాడు లేడు. కుర్చీ కాలు విరిగితే మాత్రం సంజాయిషీ. అందుకే మా బడి గ్లోబు బీరువాలోనే గుండ్రంగా తిరిగేది, ఆటవస్తువులు ఆడకుండానే ముసలివయ్యేవి.

"వచ్చే యేడు రిటైరవుతున్నానమ్మా. అది నా చేతుల మీదుగా పాడైతే నా పింఛను కాగితాలు కదలవు. పిల్లల చేతులు నీకు తెలియనివా? మొన్న రాకేష్ గాడు కుళాయే ఊడబెరికాడు."

"మరి వాళ్లొచ్చి చూస్తే ఏం చూపిద్దాం సార్?"

"చూపిద్దాం. శుభ్రంగా ఉంచాం గదా."

నేను అక్కడితో వదల్లేదు. "ముట్టుకోను సార్. ఒక్కసారి తెరిచి చూపెట్టుండ్రి. చూస్తే అరగదు గద."

ఆయన చొక్కాలోకి చెయ్యి పెట్టి పిన్నీసు విప్పారు. నేను కీబోర్డు ముందు నిలబడి, ఏ మీట పక్కన ఏ మీట ఉందో అట్లాగే కాగితం మీదికి దించుకున్నాను. ఆయన పంచె కొస పట్టుకొని కాపలా ఉన్నారు.

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది. వాకిట్లో తడి మట్టి గట్టిగా ఉంది. మా అత్త డబ్బాలోంచి ముగ్గుపిండి తెచ్చి, వాకిలి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక కీబోర్డు వేశాను. పిల్లాడి రెండు కాళ్లు పట్టేంత గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. అడుగున పొడుగ్గా ఒకటి.

"తొక్కుడుబిళ్ల!" అని ఉరికివచ్చారు పిల్లలు.

"తొక్కుడుబిళ్లనే. కానీ బిళ్ల లేదు. ఎవని పేరు వాడు దుంకాలె."

మా పిల్లలకు అప్పటికి ఇంగ్లీషు అక్షరాలు రావు. అయిదో తరగతిలో గాని మొదలుపెట్టని రోజులవి. మంచిదే అయింది. గీతల వెంబడే నేర్చుకున్నారు. పై వరసలో ఎడమ చివర క్యూ, దాని పక్కన డబ్ల్యూ, దాని పక్కన ఈ. అడుగున ఉన్న పొడుగు గడికి వాళ్లే అరుగని పేరు పెట్టుకున్నారు. పేరుకూ పేరుకూ నడుమ అరుగు మీద కూర్చొని లేవాలి. తప్పు దూకితే పైన కుడి మూల గడిలోకి పోవాలి. దాని పేరు 'ఎనక్కి'. అక్కడికి పోతే చివరి అక్షరం పోయినట్టు.

"రాకేష్ తప్పు దుంకిండు! ఎనక్కి! ఎనక్కి పో!" అని అనూష అరిచే అరుపు మేడ మీద సుతారీలకు వినపడేదట.

*

రెండోనాడే ఆగింది ఆట.

విశ్వేశ్వరరావు గారు గొడుగు ముడుచుకుంటూ గేటులోకి వచ్చి, వాకిట్లో దూకుతున్న పిల్లల్ని చూసి కొయ్యబారిపోయారు.

"సక్కుబాయీ! ఏమిటిది? అక్షరాల మీద కాళ్లా?"

"ఇంగ్లీషు అక్షరాలే సార్..."

"ఇంగ్లీషువైతే సరస్వతి కాదా? పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం. బళ్లో, నా బళ్లో, పిల్లలు అక్షరాలను కాళ్లతో తొక్కడమా! చెరిపెయ్యి. ముందు చెరిపెయ్యి."

పిల్లలు ఎక్కడి వాళ్లక్కడ, ఎవరి గడిలో వాళ్లు నిలబడిపోయారు. ఎటు దిగినా ఇంకో అక్షరం మీదే కాలు పడుతుంది కదా. ఒక చిన్నది ఒంటికాలి మీద నిలబడి ఏడుపు మొదలుపెట్టింది.

నాకు కోపం వచ్చింది గాని నోరు రాలేదు. ఎందుకంటే ఆయన అన్నది నాకూ తప్పనిపించలేదు. పలక కాలికి తగిలితే కళ్లకద్దుకున్నదాన్నే నేనూ. చీపురు తీసుకున్నాను.

సరిగ్గా అప్పుడు మా అత్త అనూషకు సద్ది గిన్నె పట్టుకొని వచ్చింది. గొడవ మొత్తం విని, గిన్నె వరండా అంచున పెట్టి, కొంగు నడుముకు చెక్కింది.

"అయ్యా, దండాలు. ఒక్క ముచ్చట అడుగుత, కోపం జేయకు. నువ్వు గుడికి పోతవా?"

"పోతాను. అయితే?"

"గాల్లకెంచి పోతవా, కాళ్లతోని పోతవా?"

ఆయన తన చెప్పుల వంక చూసుకున్నారు.

"కాళ్లు కడుక్కొని పోతవు. అంతే గద. సదువుల తల్లి గుడిలకు గూడ కాళ్లు కడుక్కొని పోతరు పోరగాండ్లు. దానికింత పరేషాన్ ఏంది అయ్యా? కుళాయి ఊడినా కుండల నీళ్లున్నయి గద."

విశ్వేశ్వరరావు గారు గొడుగును మళ్లీ విప్పి, మళ్లీ ముడిచారు. వానేం లేదు. "కడుక్కోమను. మడమలు కూడా," అని లోపలికి వెళ్లిపోయారు.

ఆనాటి నుంచి అదే పద్ధతి. కుండ దగ్గర వరస, చెంబుతో నీళ్లు, మడమలు రుద్దుకోవడం, గడిలోకి దిగేముందు వంగి నేలను ముట్టుకొని కళ్లకద్దుకోవడం. ఆ తర్వాతే దూకుడు. రోజూ వాన వచ్చి కీబోర్డును కడిగేసేది. రోజూ పొద్దున నేను మళ్లీ వేసేదాన్ని. మా అత్త ముగ్గుపిండి అయిపోయిందని వారం రోజులు సణిగి, ఆ తర్వాత తానే మేడ దగ్గర మిగిలిన సున్నం గంపలో తెచ్చిపెట్టింది.

ఒకసారి రాకేష్ తన పేరు దూకుతూ 'కె' దగ్గర తప్పాడు. నేను నోరు తెరిచేలోపు కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరేయ్, కె అక్కడ కాదురా. జె పక్కన!"

తిరిగి చూస్తే హెడ్మాస్టరు గారు గబుక్కున తల లోపలికి లాక్కున్నారు. ఆయనకు కె ఎక్కడుందో ఎట్లా తెలిసిందని నేను అడగలేదు. పంచె మీద మడత మారి ఉండటం మాత్రం పొద్దున్నే చూశాను.

కానీ తాళంచెవి బనీనులోనే ఉంది.

*

ఉదయ్ భాస్కర్ గారు శనివారం వచ్చారు. తెల్ల కారు, తెల్ల చొక్కా, బురదను చూసి కాలు ఎక్కడ పెట్టాలో తెలియని బూట్లు. వెనకాల కిరణ్మయి. అదే పొద్దున మేస్త్రి కబురు కూడా వచ్చింది, దసరా దాకా ఆగేది లేదు, లారీ రేపే వస్తుందని. యాదయ్య పనిలోంచి అట్లాగే వచ్చి, సిమెంటు చేతులతో కిటికీ బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

వచ్చీ రాగానే ఉదయ్ భాస్కర్ గారు ముందు వరసలో ఉన్న అనూషను లేపారు.

"ఏమ్మా, ఏ బీ సీ డీలు వచ్చా?"

"వచ్చు సార్."

"ఏదీ, చెప్పు."

అనూష చేతులు కట్టుకొని, కళ్లు మూసుకొని, గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

"క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై, యూ, ఐ, ఓ, పీ..."

ఇంత కాలంలో నాకు తట్టనే లేదు. ఆ పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలకు అదొక్కటే వరస. నేను వేసిన ముగ్గులో ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి వాళ్ల బుర్రల్లో.

"ఆపమ్మా, ఆపు," అన్నారాయన. కిరణ్మయి వైపు తిరిగి గొంతు తగ్గించారు, కానీ చిన్న గది కదా, అందరికీ వినపడింది. "ఏబీసీడీలే రానివాళ్లకి కంప్యూటరెందుకండీ? కూకట్‌పల్లి బడివాళ్లు అడుగుతున్నారు. వాళ్ల దగ్గర కంప్యూటరు తెలిసిన టీచరున్నాడు."

కిరణ్మయి కళ్లు మాత్రం అనూష మీదే ఉన్నాయి. ఆమె వేళ్లు గాలిలో కదులుతున్నాయి, ఏదో కొడుతున్నట్టు.

"సార్, ఒక్క నిమిషమండీ. అది తప్పు చెప్పడం కాదు. అది కీబోర్డు. వరస పొల్లుపోకుండా చెబుతోంది. ఎవరు నేర్పారమ్మా నీకు?"

"దుంకి నేర్చుకున్నం మేడం," అన్నాడు రాకేష్ వెనక నుంచి.

"దుంకడమేంటి?"

ఎవరూ చెప్పేలోపు విశ్వేశ్వరరావు గారు లేచారు. అందరి ముందూ చొక్కా గుండీలు రెండు విప్పి, బనీనులోంచి తాళంచెవి తీశారు. పక్క గది తెరిచి, పంచె లాగి, మడతపెట్టి భుజాన వేసుకున్నారు. "కూర్చో అనూషా. నీ పేరు కొట్టు," అన్నారు.

అనూష కూర్చోలేదు. గబగబా వరండాలోకి పోయి, కుండలో చెంబు ముంచి, కాళ్లు కడుక్కొని వచ్చింది. ఉదయ్ భాస్కర్ గారు అర్థం కాక నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

కిరణ్మయి తెర వెలిగించి, పెద్దక్షరాలు పడే మీట నొక్కి పక్కకు జరిగింది. అనూష కీబోర్డును ముట్టుకొని కళ్లకద్దుకుంది. అంత చిన్నగా ఉంటుందని అనుకోలేదేమో, కాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత చూపుడు వేలు తిన్నగా 'ఏ' అక్షరం మీదికి పోయింది.

తెర మీద ఏమీ రాలేదు.

మళ్లీ నొక్కింది. రాలేదు. పిల్ల తల తిప్పి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. యాదయ్య చువ్వ పట్టుకొని కదలకుండా ఉన్నాడు. ఉదయ్ భాస్కర్ గారు గడియారం చూసుకున్నారు.

"పాడైందేమో. వదిలెయ్యమ్మా, ముట్టుకోకు," అన్నారు.

"గట్టిగా నొక్కు."

ఆ మాట అన్నది విశ్వేశ్వరరావు గారు. మామూలుగా, హాజరు పిలిచే గొంతుతోనే అన్నారు. "అందులో కొబ్బరినీళ్లు పోసింది నేను. జిగురు పట్టి ఉంటుంది. విరిగితే నాది పూచీ. గట్టిగా నొక్కమ్మా."

అనూష పెదవి బిగబట్టి నొక్కింది. టక్కుమని దిగింది మీట. దిగి, పైకి రాలేదు. తెర మీద 'ఏ' పక్కన 'ఏ', దాని పక్కన ఇంకో 'ఏ', చీమల బారులా పరుగు తీశాయి.

కిరణ్మయి చెయ్యి చాపబోయింది. ఆ లోపే గది అదిరేలా పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు.

"ఎనక్కి! ఎనక్కి దుంకు!"

అనూష గోటితో 'ఏ' మీటను పైకెత్తింది. కుడి మూల మీటకు వేలు పోయింది. ఒక్కొక్క 'ఏ'నూ వెనక్కి తినేసుకుంటూ వచ్చింది, ఒక్కటి మిగిలేదాకా. తర్వాత ఎన్, యూ, ఎస్, హెచ్. వెతుక్కోలేదు. కాళ్లకు తెలిసిన దారి వేలికి తెలిసింది. చివర మళ్లీ 'ఏ' దగ్గరికి వచ్చి ఆగింది. నిప్పుల మీద కాలు పెట్టినట్టు చటుక్కున నొక్కి, చటుక్కున తీసేసింది. ఒక్కటే పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా పిల్లలకు అది గొప్పని తెలియదు. రోజూ చేసేదే కదా.

"నెక్స్ట్ నేను సార్!" అని రాకేష్ కుండ దగ్గరికి ఉరికాడు.

ఉదయ్ భాస్కర్ గారు వాకిట్లోకి వెళ్లి, సగం కరిగిన సున్నపు గళ్లను చుట్టూ తిరిగి చూశారు. తొక్కకుండా చూశారు. వచ్చి కిరణ్మయితో "ఇక్కడే ఉండనివ్వండి. ఆ కీబోర్డు ఒక్కటి మార్పించండి," అన్నారు.

"మార్చొద్దు సార్," అన్నారు విశ్వేశ్వరరావు గారు. "పిల్లలు దానికి అలవాటు పడనీండి."

ఆ తాళంచెవి మళ్లీ బనీనులోకి పోలేదు. గదికి బయట మేకు ఉంది, దానికి వేలాడదీశారు.

నేను కిటికీ వైపు చూసేసరికి యాదయ్య లేడు. చువ్వకు సిమెంటు వేళ్ల గుర్తులున్నాయి.

*

ఆ సాయంత్రం ఆయన తాపీ కడిగి గోడకు ఆనించాడు గానీ పందెం ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా అత్త మాత్రం ఊరుకోలేక, పొద్దున కట్టి పెట్టిన మూటల్లోంచి తన రొట్టెల పెనం బయటికి లాగి, కావాలనే చప్పుడయ్యేటట్టు పొయ్యి మీద పెట్టింది.

ఆదివారం పొద్దున లేచి చూస్తే ఆయన పక్క ఖాళీగా ఉంది. మూటలు ఉన్నాయి. తాపీ లేదు, తట్ట లేదు. షెడ్డు బయటికి ఉరికాను. లారీ షెడ్ల ముందు ఆగి ఉంది. మనుషులు గిన్నెలూ కోళ్లూ పిల్లలూ అన్నీ ఒక్కటిగా ఎక్కిస్తున్నారు. అందులో ఎక్కడా ఆయన కనపడలేదు.

బడి వాకిట్లో ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చొని, తడి సిమెంటును తాపీతో సాపు చేస్తున్నాడు. నా సున్నపు గళ్ల మీదే దారం పట్టి గీతలు గీశాడు. పై వరస అయిపోయింది. విశ్వేశ్వరరావు గారు పంచె ఎగగట్టి, ఒక మేకుతో గడిగడిలో అక్షరాలు గీస్తున్నారు. అనూష చెంబు పట్టుకొని గట్టున నిలబడి ఇద్దరికీ హుకుములు ఇస్తోంది.

"వానకు రోజూ కొట్టుకపోతున్నది గద, అందుకని," అన్నాడు యాదయ్య నన్ను చూసి.

"పనో మరి?" అన్నాను.

"ఎదురుంగ బిల్డింగుల వాచ్‌మన్ కావాలంటున్నరు. అడిగిన. సూద్దం."

లారీ హారన్ కొట్టింది. మేస్త్రి దిగి, గేటు దాకా వచ్చి, "యాదయ్యా, వస్తవా రావా?" అని కేకేశాడు.

యాదయ్య తల ఎత్తలేదు. నడిమి వరసలో ఎడమ చివరి గడిని సాపు చేసి, బిడ్డను అడిగాడు.

"దీంట్ల ఏం రాయాలె?"

"ఏ," అంది అనూష. "జర గట్టిగ పొయ్యి నాయినా. దాన్ని శాన దుంకుతం."